సరిహద్దుకు ఇరువైపులా మార్కులు

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు ఎక్కువ వైపుల ఆంధ్రప్రదేశ్ భూభాగమే హద్దు. మైసూరు సంస్థానం నాటి నుండి ఈ తాలూకా కన్నడ రాజ్యంలోనే ఉన్నది. పొరుగున ఉన్న మడకశిర, పెనుకొండ ప్రాంతాలు 1953లో మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. పెళ్ళిళ్ళు, సంతలు, బస్సులు ఈ హద్దును పట్టించుకోవు. పట్టించుకునేది బడి. అక్క కూతురు పావగడలో, చెల్లెలి కూతురు హిందూపురంలో చదివితే ఇద్దరి మార్కుల పత్రాలూ రెండు రకాలుగా ఉంటాయి.

ఆ ఇద్దరికీ పదవ తరగతిలో 540 మార్కులే వచ్చాయనుకుందాం. 2025 నాటి కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో మొత్తం 625 మార్కులు. ప్రథమ భాషకు 125, మిగిలిన ఐదింటికి నూరేసి. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 600. కనుక ఆ 540 పావగడలో 86.4 శాతం, హిందూపురంలో 90 శాతం. ఇంటికి వచ్చిన బంధువు "ఎన్ని మార్కులమ్మా?" అని అడిగి ఊరుకుంటే చాలదు, "ఎన్నింటికి?" అని కూడా అడగాలి. తెలుగును ప్రథమ భాషగా తీసుకున్న పావగడ బాలికకు మొత్తంలో ఐదవ వంతు తెలుగు నుండే వస్తుంది. గణితానికి కూడా లేని గౌరవం ఇది!

దూరదేశాలలో కొలబద్దలు మరీ వింతగా ఉంటాయి. జర్మనీ బడులలో 1 అన్నింటికన్నా మంచి గ్రేడు, 6 అన్నింటికన్నా తక్కువ. "నాకు ఒకటి వచ్చింది" అని అక్కడి పిల్లవాడు గంతులు వేస్తూ ఇంటికి వస్తాడు. ఇక్కడ అదే మాట చెబితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఫ్రాన్సులో 20కి మార్కులు వేస్తారు, 10 వస్తే ఉత్తీర్ణత. 20కి 20 అక్కడ అరుదు. మన పత్రికలలో ఏటా కనిపించే నూటికి నూరు చూసి ఫ్రెంచి ఉపాధ్యాయుడు ఆశ్చర్యపోతాడు.

పై చదువుకు ప్రవేశం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. కర్ణాటకలో ఇంజనీరింగు ర్యాంకుకు పి.యు.సి.లోని భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల మార్కులకు సగం, సి.ఇ.టి. మార్కులకు సగం విలువ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశ పరీక్షకు 75 పాళ్ళు, ఇంటర్మీడియట్ మార్కులకు 25 పాళ్ళు. 2021 వరకు ఎంసెట్ అనిపించుకున్న ఆ పరీక్ష పేరు అక్కడ ఇప్పుడు ఈఏపీసెట్. తెలంగాణ 2023లో ఇంటర్ మార్కుల పాలును పూర్తిగా తొలగించింది.

ఒక బాలికకు కళాశాల పరీక్షలో 90 శాతం, ప్రవేశ పరీక్షలో 50 శాతం వచ్చాయనుకొని లెక్క కడితే తేడా తెలుస్తుంది. కర్ణాటక పద్ధతిలో ఆమెకు 70, ఆంధ్ర పద్ధతిలో 60, తెలంగాణ పద్ధతిలో 50 వస్తాయి. పిల్ల మారలేదు, చదువు మారలేదు. అయితే ఒక రాష్ట్రంలో అందరికీ ఒకే పద్ధతి వర్తిస్తుంది కనుక, తక్కువ అంకె వచ్చినంత మాత్రాన వెనుక ర్యాంకు వచ్చినట్లు కాదు. ఏడాది పొడుగునా నిలకడగా చదివి, ఒక్క పూట పరీక్షలో తడబడే పిల్లలకు మాత్రం మొదటి పద్ధతి మేలు చేస్తుంది.

బ్రిటన్‌లో ఈ వరుసే వేరు. అక్కడ విశ్వవిద్యాలయం పరీక్షలకు ముందే "ఇన్ని గ్రేడులు తెస్తే సీటు ఇస్తాం" అని షరతుతో మాట ఇస్తుంది. అమెరికాలో ఎన్నో విశ్వవిద్యాలయాలు బడి గ్రేడులతోపాటు విద్యార్థి రాసిన వ్యాసాన్ని, ఉపాధ్యాయుల సిఫారసును కూడా చూస్తాయి.

మార్కులు ఎన్ని వచ్చినా, వాటిని ఏ వరుసలో నిలబెడతారన్నది మరొక ప్రశ్న. పావగడ పిల్లలకు ఇదే ముఖ్యం. కర్ణాటక సీట్లకు అర్హత కలిగించే నిబంధనలలో ప్రధానమైనది, ఒకటవ తరగతి నుండి పి.యు.సి. వరకు కనీసం 7 ఏళ్ళు ఆ రాష్ట్రంలో చదివి, పదవ తరగతి గాని ద్వితీయ పి.యు.సి. గాని అక్కడే ఉత్తీర్ణులు కావడం. ఆంధ్రప్రదేశ్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే 4 వరుస సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదవడం స్థానికతకు ముఖ్యమైన ఆధారం. పదవ తరగతి దాకా పావగడలో చదివి, ఇంటర్‌కు మాత్రం హిందూపురం వెళ్ళిన బాలికకు అక్కడి చదువు రెండేళ్ళే అవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆమె అక్కడ స్థానికురాలు కాదు. కర్ణాటక మాత్రం ఆంధ్రలోని సరిహద్దు తాలూకాల కన్నడ పిల్లలకు, ఒక కన్నడ భాషా పరీక్ష పెట్టి, అవకాశం ఇస్తున్నది.

చైనాలో ఈ చిక్కు మరింత పెద్దది. 1977లో పునరుద్ధరించిన అక్కడి ప్రవేశ పరీక్షను విద్యార్థులు తమ కుటుంబం పేరు నమోదైన ప్రాంతంలోనే రాయాలన్నది పాత నియమం. బీజింగులో కూలి చేసుకునే వారి బిడ్డ అక్కడే చదువుకున్నా, పరీక్షకు తాను ఎరుగని సొంత రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చేది. 2012 తరువాత చాలాచోట్ల షరతులతో దీనిని సడలించారు. అమెరికాలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు బయటి రాష్ట్రాల పిల్లల వద్ద ఎక్కువ రుసుము తీసుకుంటాయి.

వైద్య విద్యకు 2020 నుండి దేశమంతటికీ నీట్ ఒక్కటే పరీక్ష. దానిని తెలుగులో కూడా రాయవచ్చు. 720 మార్కుల ఆ పత్రం పావగడలోనూ హిందూపురంలోనూ ఒక్కటే. సీట్లు పంచేటప్పుడు మాత్రం హద్దు మళ్ళీ కనబడుతుంది. ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోగా, తక్కినవి ఆయా రాష్ట్రాల అర్హతల ప్రకారమే నింపుతారు. అందుకే బడి మారిన ప్రతిసారీ పాత బడి నుండి స్టడీ సర్టిఫికెట్ తీసుకొని భద్రపరచుకోవాలి. ఏ తరగతి ఏ ఊరిలో చదివారో చూపే ఆ కాగితాన్ని సీట్ల కేటాయింపు రోజున మార్కుల పత్రంతోపాటే అడుగుతారు.