పౌరాణిక చిత్రాల్లో కులం ప్రశ్న – ఒక పరిశీలన



పౌరాణిక చిత్రాలంటే మన ప్రాంతానికి ఇంటి విషయమే. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య పుట్టింది బందరులో. ఆయన కుమారుడు ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. రెండూ పురాణ కథలే. తెర మీద కృష్ణుడనగానే గుర్తొచ్చే ఎన్.టి.రామారావు గారిది నిమ్మకూరు. పద్యాలకు ప్రాణం పోసిన ఘంటసాల గారిది గుడివాడ దగ్గరి చౌటపల్లి. 1957లో విజయా వారు ‘మాయాబజార్’ను తెలుగు, తమిళ భాషల్లో తీశారు. అభిమన్యుడుగా తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్ నటించగా, కృష్ణుడు రెండింటిలోనూ రామారావు గారే.

మేము పెడన హాస్టల్లో ఉండగా ఒక ఆదివారం టీవీలో ‘దానవీరశూర కర్ణ’ (1977) చూశాం. దర్శకత్వంతో పాటు కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు పాత్రలూ రామారావు గారివే. మాటలు కొండవీటి వేంకటకవి గారివి. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడిని కులమేమిటని అడుగుతారు. సుయోధనుడు లేచి, ఇక్కడున్న పెద్దల పుట్టుకలు ఎలాంటివో ఒక్కొక్కటే చెప్పి నిలదీస్తాడు. ఆ మాటలకు మేమంతా చప్పట్లు కొట్టాం. ఎందుకంటే ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే “ఏ హాస్టలు?” అని అడిగేవారు. జవాబు విన్నాక వారి ముఖం మారేది.

పి.జి.లో భారతం ఆదిపర్వం చదివాక తెలిసింది, ఈ వాదానికి మూలం వ్యాసుడిలోనే ఉందని. నదుల పుట్టుక, వీరుల పుట్టుక వెతకరాదని దుర్యోధనుడు అక్కడ కూడా అంటాడు. 1964లో శివాజీ గణేశన్ నటించిన తమిళ ‘కర్ణన్’ కూడా ఈ కథే. అందులోనూ కృష్ణుడు రామారావు గారే.

అయితే రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది: చివరికి కర్ణుడు కుంతి కొడుకే అని తేలుతుంది. అంటే కథ అతడి ప్రతిభకు రాజవంశపు రహస్యం జోడించింది. అదే ఆదిపర్వంలో ఏకలవ్యుడికి అలాంటి రహస్యమేదీ లేదు. అతడు బొటనవేలు పోగొట్టుకున్నాడు.

రెండవది: అంగరాజ్యం సుయోధనుడి దయ. ఆ ఋణం కోసం కర్ణుడు అధర్మమని తెలిసినా అతడి పక్షానే నిలిచాడు. మన హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఎవరి దయా కాదు. బలహీన వర్గాల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణం రాజ్యానికి చెబుతోంది. మా ఇళ్ళలో కొందరు పొలం కూలికి, కొందరు కలంకారీ అద్దకం పనికి వెళ్ళి మమ్మల్ని చదివించారు. మా ఋణమంతా వాళ్ళకే.

తమ్ముళ్ళూ! ఈసారి ఆ సినిమా వస్తే తప్పక చూడండి, చప్పట్లూ కొట్టండి. మర్నాడు ఎవరైనా “ఏ హాస్టలు?” అంటే తల దించకుండా పేరు చెప్పండి. ఆ ధైర్యం మాకు డిగ్రీ రెండో సంవత్సరానికి గానీ రాలేదు. మీకు ఇంటర్‌లోనే రావాలని మా కోరిక.