విత్తనములోని జీవము

తొలకరికి ముందు మన సంఘములలో అనేకులు విత్తనపు సంచులు విప్పుదురు. ఎండి గట్టిపడిన ఆ గింజలు చూపునకు చిన్న రాళ్లవలెనే యుండును. వాటిలో జీవమున్నదో లేదో మనము ఎట్లు తెలిసికొందుము?

ఒక చిక్కుడు గింజను రాత్రి నీళ్లలో నానవేసి ఉదయమున చూచెదము. అది ఉబ్బియుండును. మెల్లగా నొక్కినచో, తెల్లని మచ్చ ప్రక్కనున్న సన్నని రంధ్రమునుండి నీటిబొట్టు వెలికివచ్చును. పై పొట్టు తీయగా రెండు పప్పు బద్దలు విడిపోవును. వీటినే బీజదళములందురు. వాటి నడుమ ఒక అంచున చిన్న మొలక ముడుచుకొనియున్నది. దాని ఒక కొన వేరగును. రెండవ కొన కాండమును ఆకులును అగును. వరి, మొక్కజొన్న గింజలలో బీజదళము ఒక్కటే. వాటి ఆహారములో అధికభాగము పిండిగా వేరుగా నిలువయుండును.

మొలకెత్తుటకు నీరు, గాలి, తగిన వెచ్చదనము కావలెను. నీరు త్రాగిన గింజలో శ్వాస హెచ్చును. నిలువయున్న పిండి చక్కెరగా మారి మొలకకు అందును. సాధారణముగా ముందు వేరు వచ్చి మంటిని పట్టుకొనును. పిమ్మట కాండము వెలుగునకు లేచును. చిక్కుడు మొలక తన బద్దలను నేలపైకి మోసికొనివచ్చును. శనగ మొలక వాటిని మంటిలోనే విడుచును. ఎట్లయినను ఆ బద్దలు తమకున్నదంతయు మొలకకిచ్చి ముడుతలుపడి నశించును. యోహాను సువార్త 12వ అధ్యాయము 24వ వచనము చదువునప్పుడు ఈ బద్దలను జ్ఞాపకము చేసికొందము.

యూదయ దేశపు మసాదా కోటలో 1963–65 తవ్వకములలో దొరికిన సుమారు 2000 ఏండ్లనాటి ఖర్జూరపు గింజ, 2005లో నాటగా మొలిచెను. అది బహు పొడి ప్రదేశము. మన యిండ్లలోనో, తేమయు వేడియు తగిలిన వేరుశనగ విత్తనము ఒక్క ఏడాదిలోనే జీవము కోల్పోవచ్చును.

కనుక విత్తుటకు ముందు పరీక్షింపవలెను. ఏరకుండ తీసిన 100 గింజలను తడి గోనెగుడ్డపై వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండ చూచుకొని, వారము పది దినములకు మంచి మొలకలను లెక్కింపవలెను. ధ్రువీకరించిన విత్తనమైనచో వరి నూటికి 80, వేరుశనగ నూటికి 70 తగ్గకుండ మొలవవలెనని ప్రమాణము.

మొలవని విత్తనము చల్లినవానికి పోవునది గింజలు మాత్రమే కాదు, అదను కూడ. గింజలు అప్పుగానైనను దొరకును; దాటిపోయిన అదను దొరకదు. దుక్కికి ముందే ఆ 100 గింజలను లెక్కపెట్టుదము.