వంటింట్లో ప్లాస్టిక్ – తల్లిదండ్రుల బాధ్యత

మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలో బోధించారు. ఆ ఆలయంలోకి ఏమి వెళుతున్నదో చూసుకోవలసిన బాధ్యత ముందుగా తల్లిదండ్రులదే. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ 211వ పేరాలో, సృష్టిని కాపాడే చిన్న చిన్న పనుల్లో ప్లాస్టిక్ వాడకం మానుకోవడాన్ని కూడా చేర్చారు.

ప్లాస్టిక్ తయారీలో రకరకాల రసాయనాలు వాడతారు. వేడి, నూనె, పులుపు తగిలినప్పుడు అవి కొద్దికొద్దిగా ఆహారంలోకి దిగుతాయి. గీతలు పడిన పాత డబ్బాల నుండి కంటికి కనిపించని రేణువులు రాలుతాయి. బిస్‌ఫినాల్-ఎ, థాలేట్లు వంటి రసాయనాలు శరీరంలో హార్మోన్ల పనికి అడ్డు తగులుతాయి. కనుక గర్భవతులు, ఎదిగే పిల్లలు ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

1. వేడి పదార్థాలు: వేడి సాంబారు, టీ పాలిథిన్ సంచుల్లో పోయించుకోవద్దు. హోటలుకు స్టీలు క్యారియరు తీసుకువెళ్ళండి. కాగితపు కప్పుల లోపల కూడా సాధారణంగా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుందని మరువకండి.

2. పులుపు, నూనె: ఆవకాయ, చింతపండు, వంటనూనె జాడీల్లో, గాజు సీసాల్లో ఉంచండి. బియ్యం, పప్పులు పోసుకునే మంచి డబ్బాలను పారవేయనక్కరలేదు.

3. పసిపిల్లలు: తల్లిపాలకు మించినది లేదు. సీసాపాలు తప్పనిసరైతే గాజు సీసా మేలు. పాలిప్రొపిలీన్ సీసాలో వేడినీళ్ళు పోసి ఊపితే లక్షల రేణువులు విడుదలవుతాయని డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించారు. కనుక పాలను శుభ్రంగా మరిగించిన స్టీలు పాత్రలో కలిపి, గోరువెచ్చగా చల్లారిన తర్వాతే సీసాలో పోయండి.

4. మంచినీళ్ళు: ఒకసారి వాడి పారవేయవలసిన సీసాలను మళ్ళీ మళ్ళీ నింపవద్దు, ఎండలో ఉంచవద్దు. ఇంట్లో కుండ, బడికి స్టీలు సీసా చాలు.

5. చెత్త: పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ సంచులు వాడకండి, పెరట్లో తగులబెట్టకండి. పి.వి.సి. కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. ఆ పొగ మన పిల్లలతోపాటు పొరుగింటి పిల్లలూ పీలుస్తారు. పొరుగువారిని ప్రేమించడమంటే ఇది కూడా.

విచారణ ఉత్సవాల్లోనూ మార్పు రావాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు మన దేశంలో 2022 జూలై 1 నుండి నిషిద్ధం. అరిటాకులు, విస్తళ్ళు, స్టీలు గ్లాసులు మనకు కొత్తవి కావు. గ్లాసులు కడిగే పని యువజనులు తలా కాస్త పంచుకుంటే భారమనిపించదు.

అన్నీ ఒక్కసారిగా మార్చే స్తోమత అందరికీ ఉండదు. గీతలు పడిన డబ్బాతో, వేడి తగిలే గిన్నెతో మొదలుపెట్టండి.

కుటుంబంలో చర్చించుకోండి:
– మన వంటింట్లో వేడి పదార్థాలు తగిలే ప్లాస్టిక్ వస్తువులేవి?
– ఈ వారం వాటిలో దేనిని మానగలం?
– మన చెత్త ఎవరి ముంగిట చేరుతోంది?