మెదడువాపు వ్యాధియు, పిల్లల మెదడులోని చిన్న ఆర్.ఎన్.ఏ.లును

డెల్టా ప్రాంతమునందలి ఒక గ్రామమునకు టీకాల ప్రచారము నిమిత్తము మేము వెళ్ళినపుడు, సభ ముగిసి జనులు లేచిపోవుచుండగా, ఒక వృద్ధురాలు మనుమని చేయి పట్టుకొని మా యొద్దకు వచ్చినది. "జొరం తగ్గి ఏడాదయింది బాబూ. పిల్లోడు అన్నం తింటాడు, నడుస్తాడు. మాటే ముందులా రాలేదు. ఆ జొరం తలకాయలో ఏం చేసిపోయిందయ్యా?" అని యడిగినది. మేము తీసికొనిపోయిన కరపత్రములలో దోమలను గూర్చి యుండెను, టీకాను గూర్చి యుండెను. ఆమె ప్రశ్నకు మాత్రము సమాధానము లేదు. ఆ లోటు కొంతయైన తీర్చుటకే ఈ వ్యాసము. విషయము సూక్ష్మమైనదే. అయినను కాలువ, తూము, దస్త్రము, నకలు ఎరిగిన మన గ్రామస్థులకు ఇది తెలియరానిది కాదని మా నమ్మకము.

మన పల్లెలలో మెదడువాపు అని పిలువబడు వ్యాధులలో ముఖ్యమైనది జపనీస్ మెదడువాపు. దీనికి కారణమగు వైరసు 1935లో జపానునందు ఒక రోగి మెదడునుండి వేరుచేయబడినది. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధి మొదట 1955లో వెల్లూరు ప్రాంతమున గుర్తింపబడినది. కొంగలు, పందులు ఈ వైరసునకు ఆశ్రయములు. వరిచేలలో నిలిచిన నీటిలో పెరుగు క్యూలెక్సు జాతి దోమ వానిని కుట్టి, పిదప మనుష్యుని కుట్టును. మనుష్యునినుండి మనుష్యునికి ఇది అంటదు. వైరసు సోకినవారిలో సుమారు 250 మందికి ఒక్కరికి తీవ్రవ్యాధి వచ్చును. వచ్చినచో నూటికి 30 మంది వరకు మరణింతురు. బ్రతికినవారిలో నూటికి 30 మొదలు 50 మంది వరకు మాటలోనో, నడకలోనో, బుద్ధిలోనో లోపముతో మిగులుదురు. వ్యాధి బారిన పడువారిలో ఎక్కువమంది పిల్లలే.

పెద్దల మెదడు కట్టి ముగిసిన యిల్లు వంటిది. పిల్లల మెదడు ఇంకను కట్టుచున్న యిల్లు. ఆ కట్టుబడి ఎట్లు సాగునో కొంచెము తెలిసినగాని, వైరసు చేయు చెరుపు అర్థము కాదు.

పూర్వము గ్రామ దస్త్రములు కరణముగారి పెట్టెలో నుండెడివి. అసలు పుస్తకము పెట్టె దాటదు. కావలసినవారికి నకలు వ్రాసి యిచ్చెడివారు. మన శరీరమునందలి కణములోను ఇట్లే జరుగును. డి.ఎన్.ఏ. అను అసలు దస్త్రము కణకేంద్రమున భద్రముగా నుండును. దానిలో అవసరమైన భాగమునకు ఆర్.ఎన్.ఏ. అను నకలు తయారై వెలుపలికి వచ్చును. ఆ నకలును చదువుకొని కణము తనకు కావలసిన మాంసకృత్తులను చేసికొనును.

ఇంతవరకు ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలకును తెలిసినదే. 1993లో తెలిసిన సంగతి వేరు. అమెరికా శాస్త్రజ్ఞులు విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్కున్ అనువారు ఒక మిల్లీమీటరు పొడవైన పురుగును పరిశీలించుచు, ఏ మాంసకృత్తును చేయలేని ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను కనుగొనిరి. దాని పొడవు సుమారు 22 అక్షరములు మాత్రమే. అది పెద్ద నకలుమీద తనకు సరిపడు చోట అంటుకొని, ఆ నకలును చదువనీయకుండ చేయుచుండెను. ఇది పురుగులలోని వింత యని లోకము కొన్నియేండ్లు పట్టించుకొనలేదు. 2000లో ఇట్టిదే మరియొకటి మనుష్యునితో సహా అనేక జంతువులలో నున్నదని తేలిన పిమ్మటగాని దాని విలువ తెలియలేదు. వీనికి మైక్రో ఆర్.ఎన్.ఏ.లని పేరు. మనుష్యునిలో ఇట్టివి వెయ్యికి పైగా నున్నవి. ఆ యిరువురికి 2024లో నోబెల్ బహుమానము లభించినది.

కాలువమీది లస్కరు పని చూడుడు. అతడు కాలువ త్రవ్వడు, పూడ్చడు. తూము పలక దించి, ఏ చేనికి ఎంత నీరు పోవలెనో అంతకు నిలుపును. మైక్రో ఆర్.ఎన్.ఏ. పనియు అట్టిదే. ఒక్కొక్కటి వందలకొలది నకళ్ళను అదుపుచేయగలదు. ఒకే నకలును అదుపుచేయునవి పెక్కులు ఉండవచ్చును. ఇవి పుట్టుకతోనే ఇంత చిన్నవి కావు. పొడవైన ఆర్.ఎన్.ఏ. తనమీద తాను మడతపడి జడపిన్ను ఆకారము దాల్చును. దానిని డైసర్ అను మాంసకృత్తు కత్తెరవలె తుది కొలతకు కత్తిరించును. డైసర్ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను; దానితో మరల పని పడును.

మెదడు పెరుగునపుడు మొదట మూలకణములుండును. అవి విభజన చెంది సంఖ్యలో పెరుగును. కొన్ని విభజన మాని నాడీకణములుగా మారును. ఎప్పుడు పెరుగవలెను, ఎప్పుడు మారవలెను అనుటలో మైక్రో ఆర్.ఎన్.ఏ.లకు పెద్ద భాగమున్నది. వీనిలో 9, 124 అను సంఖ్యలతో పిలువబడునవి ముఖ్యములు. 124వది నాడీకణములలో మిక్కుటముగా నుండి, నాడీకణమునకు అక్కరలేని నకళ్ళను అణచివేయును. పెరుగుదల సాగుచున్న ఈ చోటికే వైరసు ప్రవేశించును.

వైరసు తనతో తెచ్చుకొనునది సుమారు 11,000 అక్షరముల ఆర్.ఎన్.ఏ. మాత్రమే. కణము దానిని తన నకలే యనుకొని చదివి, వైరసుకు కావలసిన సరుకంతయు చేసిపెట్టును. దొంగ దస్తావేజుకు రిజిస్ట్రీ అయినట్లే! హర్యానాలోని మానేసర్ వద్ద గల జాతీయ మెదడు పరిశోధన కేంద్రమువారు 2008లో ఎలుక పిల్లలపై జరిపిన పరిశోధనలో, జపనీస్ మెదడువాపు వైరసు మూలకణములలోనే చేరి, వాని విభజనను తగ్గించుచున్నట్లు కనుగొనిరి. కణము చావకున్నను పెరుగుదల కుంటుపడును. జ్వరము తగ్గిన పిదప లోపము మిగులుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

అదే కేంద్రమువారు 2017లో ప్రకటించిన పరిశోధన మైక్రో ఆర్.ఎన్.ఏ.లకు సంబంధించినది. వైరసు సోకిన నాడీకణములలో 301ఏ అను మైక్రో ఆర్.ఎన్.ఏ. హెచ్చును. అది ఇంటర్‌ఫెరాను అను రక్షక పదార్థము తయారగుటను అణచును. దానిని ఎలుకల మెదడులో పనిచేయకుండ ఆపినపుడు, రక్షణ మరల మేల్కొని వైరసు వ్యాప్తి తగ్గినది. అనగా వైరసు తలుపు విరుగగొట్టుటలేదు. ఇంటి కావలివానిచేతనే గడియ తీయించుచున్నది.

ఇక 155 అను మైక్రో ఆర్.ఎన్.ఏ. కథ చిక్కైనది. మెదడులో కాపలా తిరుగు మైక్రోగ్లియా కణములలో, వైరసు సోకగనే ఇది హెచ్చునని 2014లో మన దేశమునందలి రెండు బృందములు వేరువేరుగా చూపినవి. అది వాపును హెచ్చించుచున్నదని ఒక బృందము చెప్పినది. అది వైరసు వృద్ధిని అణచి, రక్షణస్పందనను కూడ తగ్గించుచున్నదని రెండవది చెప్పినది. ఇట్టి భేదములను చూచి శాస్త్రమును అపహసించువారు కలరు. మాకు మాత్రము ఇది పరిశోధకుల నిజాయితీకి గుర్తుగా తోచుచున్నది. వాపు వైరసును చంపుటకును కావలెను, మితిమీరిన మెదడును చెరుపును. అట్టి చోట ఒక్క పలకను దించుట మంచిదా చెడ్డదా యని ఒక్క మాటలో తేలదు.

ఈ వైరసు కుటుంబములోనే జికా యను మరియొకటి కలదు. ఇది 1947లో ఉగాండాలోని జికా అడవిలో కనుగొనబడినది. 2015లో బ్రెజిలునందు ప్రబలినపుడు, గర్భిణులకు ఇది సోకిన కారణమున పెక్కుమంది శిశువులు చిన్న తలలతో జన్మించిరి. ఇందుకు గల కారణములలో ఒకటి 2020లో బయటపడినది. జికా వైరసు ఆర్.ఎన్.ఏ.ను చుట్టియుండు లోపలి మాంసకృత్తు డైసరును పట్టుకొని, కత్తెర ఆడకుండ చేయుచున్నది. ఒక లస్కరును లోబరచుకొనుట కాదు, లస్కరులను నియమించు కచేరీనే మూసివేయుట యిది. మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తగ్గగా, మూలకణములు సకాలమున నాడీకణములు కాలేక మెదడు పొర పలుచనగును. వైరసు మాంసకృత్తులో ఒక్క చోట మార్పు చేయగా ఈ పట్టు సడలినట్లును వారు చూపిరి. దీనికి ప్రతిగా, మూలకణములు అదే డైసరుతో జికా వైరసు ఆర్.ఎన్.ఏ.ను ముక్కలు చేసి తిరుగబడుచున్నట్లు 2019లో మరియొక పరిశోధన తెలిపినది. కత్తెర కొరకే పెనుగులాట జరుగుచున్నదన్నమాట.

ఈ తెలివిని టీకాలకు ఉపయోగించు యత్నమును జరిగినది. 2008లో పోలియో వైరసు ఆర్.ఎన్.ఏ.లో 124వ మైక్రో ఆర్.ఎన్.ఏ. అంటుకొను గుర్తును చేర్చి ఎలుకలకు ఎక్కించిరి. వైరసు ఇతర అవయవములలో పెరిగెను గాని, 124 నిండియున్న నాడీమండలమున పెరుగలేక పోయెను. ఎలుకలకు పక్షవాతము రాలేదు. ఇది ప్రయోగశాల ఫలితము. మందు వచ్చినదని పత్రికలలో పెద్ద అక్షరములు కనబడినపుడు, అది ఎలుకకా మనుష్యునికా యని పాఠకులు ముందుగా చూడవలెనని మా మనవి. ఒక్క మైక్రో ఆర్.ఎన్.ఏ.ను ఆపిన వంద నకళ్ళు కదలును. మెదడులోనికి మందు పోవుటయే కష్టము.

జపనీస్ మెదడువాపు వైరసును చంపు మందు నేటికిని లేదు. టీకా ఉన్నది. మన దేశమున 2006లో ఈ టీకాల కార్యక్రమము ఆరంభమైనది. వ్యాధి గల జిల్లాలలో 9 నెలలు నిండిన శిశువునకు మొదటి మోతాదు, 16 మొదలు 24 నెలల మధ్య రెండవది ఇత్తురు. కర్ణాటకలోని కోలారున దొరికిన వైరసునుండి హైదరాబాదులో తయారైన టీకాకు 2013లో అనుమతి లభించినది. అన్ని మెదడు జ్వరములను ఈ టీకా ఆపదు; 2003లో ఆంధ్రప్రదేశమున 183 మంది పిల్లల మృతికి కారణమైనది ఇసుక ఈగ ద్వారా వచ్చు చాందీపురా వైరసు. కావున టీకా వేసిన పిల్లవానికైనను జ్వరముతో మూర్ఛ వచ్చినచో ఆసుపత్రికి తీసికొనిపోవుటలో జాగు చేయరాదు.

ఆ వృద్ధురాలికి మేము ఆనాడు చెప్పగలిగినది కొద్దియే. ఈ మారు వెళ్ళినపుడు, జ్వరము పిల్లవాని బుద్ధిని ఎత్తుకొనిపోలేదనియు, పెరుగుచున్న మెదడు పనిని నడుమ ఆపినదనియు, ఆ వయసున మిగిలిన కణములు క్రొత్త దారులు నేర్చుకొనగలవనియు చెప్పెదము. జిల్లా ఆసుపత్రిలో మాట నేర్పు శిక్షణ దొరకునేమో విచారించి, ఆ చిరునామాను కూడ వెంట తీసికొనిపోయెదము.