హాస్టల్‌కి పంపేముందు ఒక మాట

కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిందంటే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. పచ్చళ్లు, పొడులు, దుప్పటి, తాళంకప్ప, ఆఖరికి జ్వరం మాత్రలు కూడా గుర్తుపెట్టుకుని సర్దుతాం. గర్భం గురించి, అది రాకుండా చూసుకోవడం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పం. పెళ్లయ్యాక తెలుస్తుందిలే అనుకుంటాం.

చెబితే మనమే దారి చూపినట్టవుతుందన్న భయం చాలామంది తల్లులది. అర్థం చేసుకోగలను. కానీ లైంగిక విద్య పిల్లల్ని తొందరపెట్టదని యునెస్కో 2018 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మనం చెప్పకపోతే అమ్మాయి రూమ్మేట్‌నో, ఫోన్‌నో అడుగుతుంది.

అక్కడే రెండు రకాల మాత్రల్ని ఒకటిగా కలిపేస్తారు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, అంటే 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, కలయిక జరిగిన 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అది అండం విడుదలను ఆలస్యం చేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసెయ్యదు. మాటిమాటికీ వాడేదీ కాదు. మిఫెప్రిస్టోన్, మైసోప్రోస్టాల్ వేరు. అవి గర్భస్రావానికి, డాక్టరు పర్యవేక్షణలో వాడేవి. గర్భం ట్యూబులో నిలిచి ఉంటే అవి పనిచెయ్యవు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. హాస్టల్ గదిలో తలుపేసుకుని ఒంటరిగా మింగాల్సినవి కావు. ఈ తేడా ముందు మీరు తెలుసుకోండి. 72 గంటలంటే మూడు రోజులే. ఇంట్లో చెప్పాలా వద్దా అని ఏడుస్తూ కూర్చుంటే ఇట్టే గడిచిపోతాయి.

గర్భాన్నీ, హెచ్‌ఐవీ లాంటి వ్యాధుల్నీ కలిపి అడ్డుకునేది కండోమ్. అది అబ్బాయి బాధ్యత కూడా కాబట్టి, కొడుకులున్న తండ్రులూ ఈ మాట ఇంట్లో ఎత్తాలి. అవతలి మనిషి వద్దంటే ఆగిపోవాలన్నదీ అప్పుడే చెప్పాలి.

బ్యాగులో రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల షీటు కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు. పీసీఓడీకి, నెలసరి గాడి తప్పినప్పుడు డాక్టర్లు ఇవే హార్మోన్ మాత్రలు రాస్తారు. నెమ్మదిగా అడగండి. కారణం మీరు భయపడిందే అయినా, పిల్ల జాగ్రత్తపడిందన్న సంగతి కూడా చూడండి. అందరికీ అన్ని మాత్రలూ పడవు. రక్తం గడ్డకట్టే సమస్య ఉంటే కొన్ని అసలు వాడకూడదు. కాబట్టి డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళితే మంచిది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. పద్దెనిమిది నిండిన యువతి గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ భర్త అన్నచోట భాగస్వామి అని మార్చింది. పెళ్లికాని స్త్రీకీ సమాన హక్కు ఉందని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరును డాక్టరు బయటపెట్టడం నేరం.

అమ్మాయితో ఇలా అనండి: "ఏం జరిగినా, ఎంత రాత్రయినా ముందు నాకు ఫోన్ చెయ్యమ్మా. తిట్టను, బయల్దేరి వస్తాను." అన్నాక, నిజంగా ఆ ఫోన్ వచ్చిన రోజున "ఎవడు వాడు?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఎవరైనా బలవంతం చేశారా, ఎన్ని గంటలైంది, ఇవి ముందు అడగండి.