కోరా వినేవాళ్లకు ఓ పెద్దాయన మాటలు

1. ముందు బొటనవేళ్లను వినండి. పశ్చిమాఫ్రికా తీగవాద్యం కోరాకు 21 తీగలుంటాయి: ఎడమవైపు 11, కుడివైపు 10. మీటేవి మాత్రం నాలుగు వేళ్లే, రెండు బొటనవేళ్లూ రెండు చూపుడువేళ్లూ. మిగతా వేళ్లకు వాద్యాన్ని పట్టుకునే పని. బొటనవేళ్లు కింద ఒకే వరసను వదలకుండా తిప్పుతుంటాయి. అక్కడి మాండింకా జాతివాళ్లు దాన్ని కుంబెంగో అంటారు. దాని మీద జలజలా దూకే పరుగులు బిరిమింటింగో. కొత్తగా వినేవాళ్లు పరుగులకే మురిసిపోతారు. కుంబెంగో చెవికెక్కిన తర్వాతే పరుగు ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో అంతు చిక్కుతుంది. వాయించేది ఒక్కడేనా అన్న అనుమానం మాత్రం ఇప్పటికీ పోదు నాకు.

2. గమకం కోసం వెతక్కండి. కీర్తనలు వింటూ పెరిగిన నాబోటివాళ్లకు మొదట అడ్డుపడేది ఇదే. కోరాకు మెట్లుండవు. ఒక్కో తీగకు ఒక్కటే స్వరం, వీణ మీదలా దాన్ని లాగి ఊపే వీల్లేదు. ఒక స్వరం మోగుతుండగానే ఇంకోటి వచ్చి దానితో కలుస్తుంది, ఆ కలయికలో ఉంది అందమంతా. కొన్ని కోరాలకు తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) దగ్గర చిన్న రేకు, దాని అంచున రింగులు ఉంటాయి. తీగ మీటినప్పుడల్లా జిర్రుమంటాయి. రికార్డింగు పాడైందనుకునేరు! మన తంబురాకు జీవాళిలా, కావాలని పెట్టుకున్నదే అది.

3. వాద్యాన్ని కళ్లారా చూడండి, వీడియోలోనైనా సరే. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, ఆవుతోలు బిగించి, పొడుగాటి కర్ర దూర్చుతారు. ఒకప్పుడు తీగలు పేనిన తోలువి, ఇప్పుడు చేపలు పట్టే నైలాన్ దారం. కర్రకు చుట్టిన తోలు పట్టీలను పైకీ కిందికీ జరిపి శ్రుతి చేస్తారు. ఈ మధ్య గిటారు మరలు కూడా బిగిస్తున్నారు.

4. నిద్ర పట్టడానికి పెట్టుకునే సంగీతంగా దీన్ని అమ్ముతున్నారు. నిద్ర పడుతుంది, కాదనను. కానీ ఆ తీగల వెనక వంశచరిత్రలున్నాయి. గాంబియా, సెనెగల్, మాలీ, గినీ దేశాల్లో జబాతే, కుయాతే, సిసోకో, సూసో వంటి ఇంటిపేర్ల వాళ్లకు రాజుల, వీరుల కథలు గుర్తుపెట్టుకుని చెప్పడమే కులవృత్తి. కోరా నేర్చుకునే పిల్లలకు మామూలుగా మొదట చెప్పే ‘కెలెఫాబా’ పాట, యుద్ధంలో చనిపోయిన కెలెఫా సానే అనే వీరుడిది. తరతరాలుగా ఈ వాద్యం మగవాళ్లదే. అయినా 1983లో లండన్‌లో పుట్టిన సోనా జొబార్తే అనే ఆవిడ, ఆ వంశాల నుంచే వచ్చి, కోరాను వృత్తిగా చేపట్టారు. గాంబియాలో బడి కూడా నడుపుతున్నారు.

5. దేనితో మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు కోరా విద్వాంసుడు తుమానీ జబాతే పేరు చెబుతాను. 2024 జులైలో పోయాడు, అరవై కూడా నిండలేదు. 1988లో వచ్చిన అతని ‘కైరా’ ఆల్బంలో ఒక్క కోరానే, పాట లేదు. తర్వాత 2005 నాటి ‘ఇన్ ది హార్ట్ ఆఫ్ ది మూన్’ వినండి. అందులో పక్కన అలీ ఫర్కా తూరే గిటారు. గ్రామీ కూడా వచ్చింది దానికి. ఆపైన 1999లో తుమానీ, మరో కోరా విద్వాంసుడు బల్లాకే సిసోకో కలిసి చేసిన ‘న్యూ ఏన్షెంట్ స్ట్రింగ్స్’. వాళ్ల తండ్రులు 1970 నాటి ‘కోర్డ్ ఆన్సియెన్’లో వాయించారు. కొడుకులది విన్నాకే తండ్రులది వినండి. నన్నడిగితే తండ్రులదే ఓ మెట్టు పైన.