పదకొండు పేపర్లున్న కుర్రాడు

ఢిల్లీ ద్వారకలో ఉండే ఒక తెలుగు తండ్రి కొడుకు రెజ్యూమె తెచ్చి నా ముందు పెట్టారు. అబ్బాయి బీటెక్ మూడో ఏడు. క్రిప్టోగ్రఫీ, డేటా ప్రైవసీల మీద పదకొండు రీసెర్చ్ పేపర్లు! "ఇన్ని ఉన్నాయి కదండీ, అమెరికాలో పీహెచ్‌డీ సీటు ఖాయమేనా?" అన్నారు.

నేను అబ్బాయినే అడిగాను. "బాబూ, రెండో పేపర్లో ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ వాడావు కదా, దానికి అంత పెద్ద ప్రధాన సంఖ్యలు ఎందుకు కావాలి?" తల వంచుకున్నాడు. ఆ పేపర్లు ఒక కన్సల్టెన్సీ రాయించి, అచ్చు వేయించి ఇచ్చినవి. తండ్రి అప్పు చేసి డబ్బు కట్టారు. పిల్లవాణ్ణి తప్పుపట్టను. ఇంటర్ నుంచీ ర్యాంకులు లెక్కపెట్టిన ఇంట్లో ఇప్పుడు పేపర్లు లెక్కపెడుతున్నారు, అంతే.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో సాగే ఈ పేపర్లమ్మే వ్యాపారం మీద నాకు చాలా కోపం. వీళ్లు 'ఫస్ట్ ఆథర్' స్థానానికి ఎక్కువ ధర చెబుతారు. క్రిప్టోగ్రఫీ సిద్ధాంత పరిశోధనలో రచయితల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో వేస్తారు. ముందున్న పేరుకు అక్కడ విలువే లేదు! ఈ రంగంలో పేరు తెచ్చేవి క్రిప్టో, యూరోక్రిప్ట్, ఏషియాక్రిప్ట్ లాంటి సదస్సులు. ప్రైవసీకైతే పెట్స్ సదస్సు. వీటికి పేపర్ పంపడానికి రుసుము లేదు, ఎంపికవడమే కష్టం. కొన్న పేపర్ల గతి ఏమవుతుందో కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. హిందావి అనే ప్రచురణ సంస్థ 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లను ఉపసంహరించుకుంది. అలా వెనక్కి తీసుకున్న పేపరు మీద రచయితల పేర్లు చెరిగిపోవు.

అసలైన పరిశోధనకు లెక్క ముఖ్యం కాదు. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి తొమ్మిది పేజీల పేపర్ ఒకటి వచ్చింది. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో బహుపది కాలంలో (పాలినామియల్ టైమ్), ఎలాంటి ఊహల మీదా ఆధారపడకుండా తేల్చే పద్ధతి అది. మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి దాన్ని రాసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించినవాళ్లు. ఆ ఒక్క పేపరుకే 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. మన ఢిల్లీ ఐఐటీలో 2008లో బీటెక్ చేసిన సంజమ్ గర్గ్ పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసానికి కంప్యూటర్ సైన్స్ సంఘమైన ఏసీఎం తన 2013 అవార్డు ఇచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్న ఫలితాలివి.

మన దేశంలోనే పీహెచ్‌డీ చేయాలంటే అర్హత సంగతి ఒక్క మాటలో: సాధారణంగా గేట్ లేదా నెట్ రాయాలి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించేముందు పేపర్ అచ్చయి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. కన్సల్టెన్సీలు ఈ మాట చెప్పవు.

నన్నడిగితే ముందు గణితం. సంఖ్యా సిద్ధాంతం, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత. 2024 ఆగస్టులో అమెరికా నిస్ట్ సంస్థ విడుదల చేసిన మూడు పోస్ట్-క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్ల దాడిని తట్టుకునే) క్రిప్టోగ్రఫీ ప్రమాణాల్లో రెండు లాటిస్ గణితం మీద నిలబడ్డవే. వాటిలో ఒకదానికి సొంతంగా కోడ్ రాసి, అందరికీ కనిపించేలా పెట్టిన విద్యార్థికి నేను సిఫారసు ఉత్తరం సంతోషంగా రాస్తాను. ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఓఖ్లాలోని ఐఐఐటీ, హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ దగ్గరే. క్రిప్టాలజీ మీద పనిచేసే డీఆర్‌డీఓ సైంటిఫిక్ అనాలిసిస్ గ్రూప్ మెట్‌కాఫ్ హౌస్‌లో ఉంది. ఇండోక్రిప్ట్ సదస్సు 2009, 2014, 2018లో ఢిల్లీలోనే జరిగింది. మళ్లీ వస్తే పిల్లల్ని వెళ్లి వెనక వరసలో కూర్చోమనండి. సగం అర్థంకాకపోయినా ఫరవాలేదు. ప్రత్యేకంగా ఇదే చదవాలనుకుంటే కోల్‌కతా ఐఎస్‌ఐలో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీ ఎంటెక్ ఉంది. నా మొగ్గు దానివైపే.

డేటా ప్రైవసీలో చట్టం తోడైంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. కోడ్‌తో పాటు ఆ చట్టం చదివి అర్థం చేసుకోగలవాళ్లకు ఇక్కడే పని ఉంది.

ద్వారక అబ్బాయి పదకొండు పేపర్లూ రెజ్యూమె నుంచి తీసేశాడు. సంఖ్యా సిద్ధాంతం మొదటి అధ్యాయంలో ఉన్నాడు. తండ్రిగారూ, ఎంతవరకు వచ్చిందని వారం వారం అడక్కండి. ఒక్క ఏడాది వాణ్ణి వదిలేయండి.